జీలుగు చెట్టు కింద స్కాట్లాండు బావ

తెలుగు సినిమాలో కల్లుపాక ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు తాటాకులు, రెండు కొత్త కుండలు, గళ్ళ లుంగీల్లో విలన్ గారి మనుషులు, మధ్యలో ఓ డాన్సు! తాగినవాడు మొదటి గుక్కకి తూలతాడు, రెండో గుక్కకి పాట అందుకుంటాడు, మూడో గుక్కకి హీరో చేతిలో తన్నులు తింటాడు. కుండ పగులుతుంది, కల్లు కథ కంచికి! కొండవాళ్ళ పాటయితే మరీను. తలమీద ఈకలు, మెళ్ళో పూసలు, చుట్టూ నెగళ్ళు, చేతిలో ఆనపకాయ బుర్ర. ఆ బుర్రలో ఏముందో దర్శకుడికీ తెలీదు, పట్టుకున్నవాళ్ళకీ తెలీదు.

అసలు ఆ బుర్రలో ఏముంటుందో, అది ఎక్కణ్ణించి వస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో చూసొద్దామని మొన్న జనవరిలో సంక్రాంతి వెళ్ళిన వారానికి బయల్దేరాను. 'ఎంతసేపు' అన్నమాట కాస్త గుర్తుపెట్టుకోండి. అసలు సంగతంతా అందులోనే ఉంది.

నా వెంట వచ్చినవాడు మా మేనత్త కొడుకు. ఇరవై ఏళ్ళుగా స్కాట్లాండులో, ఎడిన్‌బరోలో ఉద్యోగం. పండక్కి వచ్చేవాళ్ళు చాక్లెట్లో సెంటుసీసాలో తెస్తారు. మా బావ ఓ పొడుగాటి థర్మామీటరు తెచ్చాడు. జ్వరానికి కాదండోయ్, కల్లుకి!

బావగారి బకెట్టు

మా బావకి ఒకటే పిచ్చి, ఇంట్లో ఏల్ కాచుకోవటం. ఏల్ అంటే బీరు కుటుంబంలో పెద్దక్క. బార్లీ గింజలు నానబెట్టి, మొలకలెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి వేణ్ణీళ్ళలో వేస్తే తియ్యటి నీళ్ళు దిగుతాయి. మన ఇళ్ళలో చోళ్ళు మొలకెత్తించి పిండి కొట్టరూ, ఆ వరసే. ఆ నీళ్ళలో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఈస్టు ఆ తీపిని తిని మత్తునీ, గాలిబుడగల్నీ వదులుతుంది. బ్రిటన్‌లో 1963 నుంచీ సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోటానికి లైసెన్సు అక్కర్లేదు. మన రాష్ట్రంలో మాత్రం చట్టం ఒప్పుకోదు. కనక ఇది చదివి హాస్టలు గదిలో బకెట్లు బోర్లించకండి బాబూ!

స్కాట్లాండు ఏల్‌కి ఓ ప్రత్యేకత ఉందిట. మామూలు ఏల్ ఇరవై డిగ్రీల దగ్గర పులుస్తుంది. దీన్ని మాత్రం పదిహేను డిగ్రీల చుట్టుపక్కల, చల్లగా, నింపాదిగా పులియనిస్తారు. వారంలో తేలే పనికి రెండు మూడు వారాలు పడుతుంది.

"వేడి తగిల్తే ఈస్టుకి ఒళ్ళు తెలీదురా బావమరిదీ! గబగబా తినేస్తుంది. అరటిపండు వాసనలూ, గొంతు పట్టుకునే ఘాటూ అన్నీ వదుల్తుంది. చల్లగా ఉంచావనుకో, నెమ్మదిగా తింటుంది. అప్పుడు బార్లీ రుచి బార్లీకి మిగుల్తుంది" అని బావ వాదన.

ఇందులో మనకి తెలీనిదేం లేదండీ. వేసంకాలంలో రాత్రి రుబ్బిన దోసెల పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొర్లుతుంది. ధనుర్మాసంలో అదే పిండి ఎనిమిదింటికి కూడా ముడుచుకుని పడుకునే ఉంటుంది. అమ్మ ఆ గిన్నెని పొయ్యి పక్కన పెడుతుంది, దుప్పటి కప్పుతుంది. మా బావ సరిగ్గా దీనికి ఉల్టా! పులిసేటప్పుడు ఆ ద్రవం తనంతట తనే వేడెక్కుతుందిట. గది పదిహేను డిగ్రీలున్నా బకెట్టులోపల రెండు మూడు డిగ్రీలు ఎక్కువే. అందుకని ఆయన బకెట్టుని నీళ్ళ తొట్టెలో నిలబెట్టి, చుట్టూ తడి తువ్వాలు చుడతాడు. తడి ఆరుతుంటే చల్లబడుతుంది. మన మట్టికూజా చేసే పనే అది. దీనికోసం రోజుకి నాలుగుసార్లు థర్మామీటరు పెట్టి చూసుకుంటాడు. మా అక్కయ్య ఫోనులో ఎప్పుడూ ఒకటే మొర, "పిల్లలకి జ్వరమొస్తే ఇన్నిసార్లు చూళ్ళేదురా" అని.

అలాంటి మనిషికి చిన్నప్పుడు తాతగారు చెప్పిన ముక్క ఒకటి మనసులో ఉండిపోయింది. కొండమీద జీలుగు కల్లుకి చలికాలంలో ఉండే రుచి ఎండల్లో ఉండదని. ఎందుకని? అదీ ప్రయాణానికి కారణం.

బొబ్బిలి మీదుగా

విశాఖలో విమానం దిగిన బావని విజయనగరంలో కలుసుకున్నాను. ఈ ఊళ్ళో సినిమా ప్రియుడు ఊరికే నడిచి వెళ్ళిపోలేడు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఇక్కడిదే. ఘంటసాల ఇక్కడ నేర్చుకున్నారు. ఈ ఊళ్ళోనే పుట్టిన సుశీలమ్మ కూడా అక్కడే చదువుకున్నారు. గురజాడ వారి ఇల్లు చూస్తూ బావ "ఇందులో కూర్చునేనా కన్యాశుల్కం రాసింది?" అన్నాడు. ఆ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, ఈ ఊళ్ళోనే. మన ఎన్.టి.ఆర్., సావిత్రి గిరీశం, మధురవాణిగా సినిమా వచ్చింది 1955లో. నాటకంలో సారా దుకాణం రంగం చదివారా? బైరాగి, హెడ్డు కనిస్టీబు చేరి తాగుతూ వేదాంతం మాట్లాడతారు. తాగుడుని అంత దగ్గరగా చూసి రాసినవాళ్ళు మనలో తక్కువ. చదవకపోతే వెంటనే చదవండి.

అక్కణ్ణించి గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి. 1757 జనవరి 24న యుద్ధం జరిగిన నేల. 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' చూసినవాళ్ళకి ఆ పేరు వింటేనే వెన్నులో ఓ జలదరింపు. పక్కనే గొల్లపల్లిలో ఒకే మానులోంచి వీణ తొలిచే పనివాళ్ళున్నారు. ఆపైన పార్వతీపురం. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది పార్వతీపురం మన్యం జిల్లాకి ముఖ్యపట్టణం. శ్రీకాకుళం జిల్లాలో ఉండే పాలకొండ, సీతంపేట కూడా ఇప్పుడు ఈ కొత్త జిల్లాలోవే. శ్రీకాకుళం వాళ్ళకి మాత్రం సీతంపేట ఏజెన్సీ ఇంకా 'మాదే'. కొత్త జిల్లా వచ్చినంత మాత్రాన పాత మాట పోతుందేమిటి!

దారి పొడుగునా పొలం గట్ల మీద తాళ్ళూ, ఈతలూ. మైదానం కల్లంతా వీటిదే. ఈత చలికాలంలో పారుతుంది. తాటికి బలమైన కాలం ఎండాకాలం. ఎండలో దిగిన తాటికల్లు లొట్టి చెట్టు దిగేలోపే నురగ కక్కుతూ ఉంటుంది. "చూశావా, నా బకెట్టు జూలైలో చేసే అల్లరే ఇది!" అన్నాడు బావ.

పాలకొండ దాటి సీతంపేట చేరేసరికి చీకటి పడింది. కారు అద్దం దించితే గాలి చెంపమీద కొట్టినట్టు తగిలింది. అక్కడ మాస్టారుగా పనిచేసే మిత్రుడింట్లో మకాం. ఆయన జాతాపు. ఆ కొండల్లో ఎక్కువమంది జాతాపులూ, సవరలూ. సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ప్రాంతం మనిషే. వాడుక భాషలో రాయటానికి మనకి ధైర్యమిచ్చిన ఆయన చెవి, కొండవాళ్ళ మాట విని పదునెక్కిన చెవి!

గాజుపుల్ల

తెల్లారగట్ల నాలుగున్నరకి లేవాలంటే బద్ధకించాను. "ఎండ వస్తే మీరు చూడాలనుకున్నది ఉండదండీ" అన్నారు మాస్టారు. అలాగని మరీ చీకట్లో బయల్దేరటానికీ లేదు. ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు ఈ మన్యంలో తిరుగుతుంటాయి. మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. దారి కనిపించేంత వెలుగు వచ్చాక, టార్చి పట్టుకుని నలుగురం కలిసి నడిచాం.

కొండవాలులో జీడిమామిడి తోటలూ, పనసచెట్లూ దాటాక మాస్టారు వేలెత్తి చూపించారు. అదే జీలుగు. చేప తోకల్ని దండగా గుచ్చినట్టుండే ఆకులు. నిటారుగా, నున్నగా, బూడిదరంగు మాను. మెడ దగ్గర్నించి జడపాయల్లా వేలాడే గెలలు. మన పెళ్ళికూతురు పూలజడే గుర్తొచ్చింది నాకు. చెట్టుకి ఆనించి ఒక్కటంటే ఒక్కటే వెదురుబొంగు. కణుపు కణుపుకీ కొమ్మ మొదలు జానెడు వదిలి నరికారు. అదే నిచ్చెన. దానిమీంచి అరవై దాటిన ఓ సవర తాత దిగుతున్నాడు. నడుముకి కత్తి, వీపున కుండ. మన ఫైట్ మాస్టర్లు తాడు కట్టి, కింద పరుపులు పరిచి చేయించే పని, ఆయన రోజుకి రెండుసార్లు ఏ తాడూ లేకుండా చేస్తాడు.

పనితీరు ఇదీ. గెల విప్పారకముందే దాన్ని గట్టిగా కట్టి, కొన కోసి, కింద కుండ కడతారు. కోసినచోట గాయం ఆరిపోకుండా ఉదయం సాయంత్రం పలచటి చెక్కు తీస్తారు. ఆ చెక్కు దళసరి అయితే గెల దండగ, మరీ పలచనయితే ధార పారదు. చుక్కచుక్కగా తియ్యటి నీరు రాత్రంతా కుండలోకి దిగుతుంది. మంచి చెట్టు రోజుకి పది లీటర్లు దాటి ఇస్తుంది. ఇందులో ఎవరూ ఈస్టు వెయ్యరు. గాల్లో ఉన్నది, గెలమీద ఉన్నది, నిన్నటి కుండ అడుగున మడ్డిలో మిగిలినది, అదే తోడు. మన అమ్మ పెరుక్కి తోడు వేసినట్టే. కుండలోపల సున్నం పూస్తే మాత్రం పులవటం ఆగిపోతుంది. అప్పుడది నీరా.

బావ జేబులోంచి థర్మామీటరు తీశాడు.

"ఏటి బాబూ, ఆ గాజుపుల్ల?" అన్నాడు తాత.

"కల్లు ఎంత చల్లగా ఉందో చూడ్డానికి తాతా."

"సలవెంతో సూడ్డానికి పుల్లేటికి? నోట్లో ఏసుకుంటే తెల్దా?"

మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. బావ కూడా నవ్వుతూనే పుల్ల ముంచాడు. గాలి పధ్నాలుగు డిగ్రీలు. కుండలో పదహారు. బావ నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు. ఎడిన్‌బరోలో తడి తువ్వాళ్ళతో రాత్రింబవళ్ళు తంటాలు పడి ఆయన సాధించే అంకె అదే మరి!

కుండ మట్టిది కావటంలో కూడా కిటుకుంది. మట్టి చెమరుస్తుంది, చెమర్చి ఆరుతూ లోపలి ద్రవాన్ని చల్లబరుస్తుంది. "పిలాస్టిక్కు డబ్బా తేలిగ్గానే ఉంటాదిగానీ అది సెమర్చదు బాబూ. అందల కల్లు బేగి సెడిపోద్ది" అన్నాడు తాత.

ఆయన అడ్డాకు దొప్ప కుట్టాడు. ముందు నాలుగు చుక్కలు నేలమీద ఒంపాడు. సవరలు ఏది తాగినా పోయిన పెద్దలకి పెట్టిందాకా ముట్టరు. తరవాత మాకు.

ఎలా ఉంది అంటారా? కొబ్బరినీళ్ళకన్నా తియ్యన, చెరుకురసం కన్నా తేలిక. నాలుకమీద చిన్నచిన్న బుడగలు చిటపటలాడాయి. చివర్న ఎక్కడో లేతగా ఓ పులుపు. మత్తు ఉందా అంటే ఉంది, తలుపు చాటునుంచి తొంగిచూస్తోంది.

పొద్దు ఎక్కిన కొద్దీ

బావ అక్కడే చతికిలబడ్డాడు. ఒక ముంతలో కల్లు పక్కన పెట్టించుకుని గంటగంటకీ పుల్ల ముంచి చూడ్డం, ఒక చుక్క నాలిక్కి రాసుకోవటం. తొమ్మిదింటికి ఇరవై రెండు డిగ్రీలు. తీపి సగానికి తగ్గింది, నురగ లేచింది, ఘాటు వచ్చింది. పన్నెండింటికి నీడలో కూడా ఇరవై ఎనిమిది. ఈసారి చుక్క నాలిక్కి తగలగానే బావ మొహం చింతకాయ కొరికినట్టయింది.

"రాత్రి సలి బాగుంటే కల్లు నిద్దరోతాది బాబూ. ఎండ తగిల్తే లేస్తాది. పొద్దు నడినెత్తికెక్కితే మరిది నాది కాదు, ఈగల్ది" అన్నాడు తాత.

బావ నాకు శాస్త్రం చెప్పాడు. ఏల్‌ని ముందే మరిగిస్తారు కనక అందులో వేరే సూక్ష్మజీవులుండవు. తాము వేసిన ఈస్టు ఒక్కటే రాజ్యం చేస్తుంది. పైగా హాప్స్ కాపలా. కల్లు అలా కాదు. మరిగించింది కాదు, మూత పెట్టింది కాదు. ఈస్టుతో పాటు పులుపు చేసే బాక్టీరియా కూడా ఆ కుండలోనే కాపురం. ఈస్టు తీపిని మత్తు చేస్తే, ఇంకో జాతి బాక్టీరియా గాలి తగలగానే ఆ మత్తుని వెనిగర్ చేస్తుంది. చలి వీళ్ళందరి చేతులూ కట్టేస్తుంది. వేడి ఒక్కసారిగా విప్పేస్తుంది. స్కాట్లాండులో చలి రుచికి మెరుగు పెడుతుంది. ఇక్కడ చలి లేకపోతే అసలా రుచే లేదు. రాత్రి కొండ ఇచ్చిన చలవకి ఉన్న గడువు ఉదయం నాలుగైదు గంటలు. ఆ గంటల్లో ఆ చెట్టు కిందే ఉండాలి. వేరే దారి లేదు.

చెట్టుమీద పన్ను

ఇంత కొద్దిసేపు బతికే పానీయం కోసం మనుషులు తుపాకులు పట్టారంటే నమ్ముతారా? 1879 మార్చిలో గోదావరి మన్యంలో రంప పితూరీ లేచింది. కారణాలు చాలా ఉన్నాయి. ముందు వరసలో నిలిచింది కల్లు. అప్పటిదాకా ఎవరి చెట్టు వాళ్ళు గీసుకుని ఎవరి కల్లు వాళ్ళు తాగేవారు. మద్రాసు ప్రభుత్వం అబ్కారీ చట్టం పెట్టి కల్లుని గుత్తకిచ్చింది. గుత్తేదారుకి డబ్బు కట్టకుండా తన చెట్టు తాను గియ్యకూడదన్నారు. దానిమీద చిగురుపన్ను అని మన్సబుదారు పన్ను మరొకటి. కొండలు భగ్గుమన్నాయి. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. ఆ మంట విశాఖ జిల్లా కొండలకీ పాకింది.

మరో నలభై ఏళ్ళకి అదే మన్యంలో అల్లూరి సీతారామరాజు వచ్చాడు. 1974లో కృష్ణ గారి సినిమా చూసి ఈలలు వేసిన తరం మీ ఇళ్ళలో ఇంకా ఉంటారు, అడగండి. 1922లో విల్లెక్కుపెట్టకముందు ఆ రాజు కొండవాళ్ళకి చెప్పిన మాటల్లో ఒకటి, తాగుడు మానండి అని! ఒక తరం తాగే హక్కు కోసం పోరాడితే, తరవాతి తరానికి నాయకుడు వద్దన్నాడు. రెండూ ఒకదానికొకటి అడ్డమా? నాకలా అనిపించదు. తన చెట్టు తనదని చెప్పటం ఒక మాట. దానికి బానిస కావద్దనటం ఇంకో మాట. రెండూ ఆత్మగౌరవం మాటలే.

ఆ తరవాత కథ మీకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి.ఆర్. సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో అది సడలింది. సంపూర్ణ నిషేధం రోజుల్లో కూడా కల్లుని మినహాయించారు. 1996 నాటి పెసా చట్టం వచ్చాక ఏజెన్సీ ప్రాంతాల్లో మత్తు పదార్థాల మీద ఆంక్షలు పెట్టే అధికారం గ్రామసభలకుంది. అంటే కొండమీద ఏం తాగాలో, ఏం తాగకూడదో తేల్చుకోవలసింది ఆ కొండవాళ్ళే.

కింద ఊళ్ళో కల్లు

"ఒక క్యాను నింపుకుని శ్రీకాకుళం తీసుకెళ్దామా?" అన్నాను నేను.

"తీసుకెళ్ళు. అక్కడ అది పచ్చట్లో పోసుకోటానికి పనికొస్తుంది" అన్నాడు బావ.

పట్నాల్లో పుట్టిన రోగానికి మూలం సరిగ్గా ఇదే. నిజం కల్లు ప్రయాణం చెయ్యదు. గిరాకీ మాత్రం పట్నంలో ఉంది. మరి ఆ గిరాకీకి సరిపడా చెట్లెక్కడివి? లేని కల్లుని నీళ్ళతో, రసాయనాలతో పుట్టిస్తారు. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలామ్. ఇవన్నీ నిద్రమందులు, కల్లు కాదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చచ్చిపోయారు. కనక కుర్రాళ్ళూ, మీకో మాట. మధ్యాహ్నం మూడింటికి కూడా తియ్యగా, తెల్లగా, నిలకడగా ఉన్న కల్లు ఎవరైనా పోస్తే, అది ఏ చెట్టుదని అడక్కండి. లేచి వచ్చెయ్యండి.

దీనికి మంచి దార్లూ ఉన్నాయి. కేరళలోని కాసరగోడు తోటపంటల పరిశోధనాలయం వాళ్ళు కొబ్బరిగెలకే మంచుపెట్టె కట్టారు. చుక్క దిగటమే మంచులోకి దిగుతుంది, పులవదు. కొండ చేసే పనిని పెట్టెలో పెట్టారన్నమాట. మన రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో తాటి నీరా మీద అలాంటి పరిశోధనలే జరిగాయి. శ్రీలంకలో ఇదే జీలుగుని కితుల్ అంటారు. అక్కడ తియ్యటి నీరు పులవకముందే కాచి పానకం చేస్తారు, బెల్లం కడతారు. సీసాలో పోస్తే దేశాలు దాటుతుంది. ఎడిన్‌బరో దుకాణంలో కితుల్ పానకం కొన్నానని బావ చెబితే, తాత చాలాసేపు నమ్మలేదు.

"మన సెట్టేనా? సీమలోనా?"

"మన చెట్టే తాతా. శ్రీలంకది."

"అయితే ఆల్లు కాసినారు, మనం తాగీసినాం" అని పకపకా నవ్వాడు.

విడిచిపెట్టిన గెల

జీలుగు గురించి మీకింకా చెప్పవలసిన సంగతి ఒకటుంది. తాడిచెట్టులా ఇది తరతరాలుగా కాసే చెట్టు కాదు. పదేళ్ళో పదిహేనేళ్ళో ఊరికే పెరుగుతుంది. తరవాత తలదగ్గర మొదటి గెల వేస్తుంది. ఆ తరవాతి గెల దాని కింద, ఆపైది ఇంకా కింద, అలా పైనుంచి కిందికి మెట్లు దిగినట్టు కొన్నేళ్ళు వేస్తుంది. అడుగు గెల అయిపోయిందంటే చెట్టు పని అయిపోయినట్టే. నిలబడే ఎండిపోతుంది. కరువు రోజుల్లో అలా పడిన మానులోంచి పిండి తీసి జావ కాచుకుని బతికినవాళ్ళు మన్యంలో ఉన్నారు.

చిక్కు ఎక్కడంటే, కల్లు కోసం కోసిన గెల కాయ కాయదు. కాయ లేకపోతే విత్తు లేదు. ఒక చెట్టు గెలలన్నీ గీసేస్తే, ఆ చెట్టుకి వారసుడు లేనట్టే. మేం కూర్చున్న చెట్టుకి కింద మూడు గెలలున్నాయి. రెండింటికి కుండలు కట్టి ఉన్నాయి. మూడోదానికి కట్టలేదు. ఆకుపచ్చ పూసల దండల్లా కాయలు వేలాడుతున్నాయి.

"అదెందుకు వదిలేశావు తాతా?" అని బావ అడిగాడు.

"అది మానుపిల్లి వాటా బాబూ. అది తిని కొండంతా తిరిగి ఎక్కడో ఇత్తనం పారేస్తాది. నానెక్కడ నాట్తాను? అదే నాట్తాది. ఆ కాయ మనం ముట్టుకున్నామంటే సేతులు దురదెట్టి సచ్చిపోతాం."

మానుపిల్లులు జీలుగు పళ్ళు తిని విత్తులు వెదజల్లే మాట నిజమే. కాయ తొక్కలో దురద పుట్టించే సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. ఈ చెట్టు శాస్త్రీయ నామంలో యూరెన్స్ అన్న మాటకి అర్థం కూడా 'మంట పుట్టించేది' అనే.

తాతకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ చెన్నైలో కట్టుబడి పనుల్లో ఉన్నారు. ఏడాదికోసారి కందికొత్తల పండక్కి వస్తారు. వాళ్ళెవరికీ వెదురెక్కటం రాదు. నేర్చుకోమని ఆయన అడగలేదుట. పడితే నడుం విరుగుతుందని ఆయనకి తెలుసు. ఆయన అన్న పోయింది అలాగే.

"మరి ఈ గెల కాయ పడి, మొలిచి, అది గీతకి వచ్చేసరికి పదిహేనేళ్ళు. ఎవరు గీస్తారు తాతా?" అన్నాడు బావ.

తాత కత్తి నూరుకుంటూ చెప్పాడు. "నాను గీస్తన్న సెట్టు నాను నాటినానేటి? మా అయ్య కూడా ఓ గెల ఒగ్గీసినాడు. ఆడికి నాను గీస్తానో లేదో తెలుసునా?"

బావ ఇంకేం అడగలేదు. మూడు వారాలు చల్లగా కాచుకోవటమే గొప్ప ఓపిక అని ఎడిన్‌బరోలో స్నేహితులకి ఉపన్యాసాలిచ్చే మనిషి, కొండ దిగుతున్నంతసేపూ నోరు మెదపలేదు.

మీలో ఎవరైనా వెళ్ళదలచుకుంటే, డిసెంబరు, జనవరి మంచి నెలలు. రైలు వాళ్ళకి పార్వతీపురం గానీ, శ్రీకాకుళం రోడ్డు అని పిలిచే ఆమదాలవలస గానీ దగ్గర. మెట్టుగూడ జలపాతం, ఆడలి కొండమీంచి కనిపించే లోయ చూడవలసినవే. ఊళ్ళోవాళ్ళని తోడు తీసుకోకుండా తెల్లారగట్ల అడవిలో అడుగుపెట్టొద్దు. బండి నడిపేవాళ్ళు దొప్ప ముట్టొద్దు. చెట్టుకింద చొక్కా చక్కగా కనపడాలని ఫోటోలకి నిలబడి, ఆ వెదురు నిచ్చెన ఎక్కుతానని మాత్రం పంతం పట్టొద్దు. ఇంకో సంగతి. గెలకి కుండ కట్టి లేకపోతే, తాత మర్చిపోయాడనుకుని గుర్తుచెయ్యబోకండి. అది ఇంకా పుట్టని చెట్టుకోసం ఉంచిన వాటా.